డైనమోకు ఒక భాష్యం

మా దోమ, పరిగి ప్రాంతాలలో ఆల్టర్నేటరును ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. వికారాబాదు వైపు వెళ్లినా, తాండూరు వైపు వెళ్లినా దారిపొడుగునా కనిపించే దుకాణాల బోర్డుల మీద ‘సెల్ఫ్, డైనమో’ అనే జంటపదమే ఉంటుంది. సెల్ఫ్ అంటే బండిని కదిలించే స్టార్టరు మోటారు. డైనమో అంటే బండి నడుస్తుండగా విద్యుత్తును పుట్టించే యంత్రం. నిజానికి నేటి బండ్లలో డైనమో లేదు. అది ఎన్నడో వెళ్లిపోయింది, పేరు మాత్రం మిగిలింది. డీసీయం కంపెనీ టయోటాతో కలిసి 1980ల దశకంలో చిన్న లారీలు చేసింది. ఆ కూటమి అంతరించి చాలాకాలమైనా, ఎవరు చేసిన చిన్న లారీనైనా తెలంగాణలో నేటికీ ‘డీసీయం’ అనే అంటాం. డైనమో సంగతీ అంతే. వస్తువు కన్న పేరుకు ఆయుర్దాయం ఎక్కువ.

తెలుగు పండితుడికి డైనమోతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. పని పడింది కనుకనే ఈ టపా. ముప్పై ఏళ్లకు పైగా ఛందస్సు, వ్యాకరణం చెప్పి పదవీ విరమణ చేసిన నా దగ్గరకు ఒక పూర్వ విద్యార్థి అప్పు కాగితాలతో వచ్చాడు. అతనికి ఒక చిన్న సరుకుల బండి ఉన్నది. పగలు కందుల బస్తాలు, కూరగాయల బుట్టలు, ఒక్కొక్కప్పుడు తాండూరు నాపరాళ్లు మోస్తాడు. పెళ్లిళ్ల ఋతువులో దానిమీదనే పెద్ద స్పీకర్లు కట్టి బరాత్‌లకు తిప్పుతాడు. ఇప్పుడు ఇంకా పెద్ద మ్రోత కావాలని, అందుకు విదేశపు ఆల్టర్నేటరు ఒకటి తెప్పించాలని, దానికీ కొత్త ఆంప్లిఫయర్లకూ కలిపి అప్పు తీసుకుంటున్నానని చెప్పి, “సార్, షూరిటీ సంతకం మీరే పెట్టాలె” అన్నాడు. కాగితాల కింద అతని ఇల్లాలి బంగారం తాకట్టు రశీదు కూడ ఉన్నది.

నా పింఛనును జామీనుగా పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. కాని చదవని కాగితం మీద సంతకం చేసే అలవాటు లేదు. “ఒక వారం ఆగరా, ముందు ఈ డైనమో ఏమిటో నాకు తెలియాలి” అన్నాను. ఆ వారంలో నేను పరిగిలోని ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణంలో రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. భౌతికశాస్త్రం బోధించిన పాత సహోద్యోగిని ఒకరిని వేధించాను. తెలిసినదంతా ఇక్కడ క్రమంగా వ్రాస్తున్నాను. మా జిల్లాలో ఇటువంటి కుర్రాళ్లు ఊరికొకరు ఉన్నారు. మీ జిల్లాల్లోనూ ఉండే ఉంటారు.

తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. పాత డైనమోలో అయస్కాంత క్షేత్రం నిలిచి ఉండేది, తీగచుట్టలు తిరిగేవి. తిరిగే చుట్ట నుంచి విద్యుత్తునంతా బ్రష్షులు లాగవలసి వచ్చేది. బండి నిదానించిందంటే డైనమో దాదాపు మౌనవ్రతం పట్టేది. ఆల్టర్నేటరు ఈ సంబంధాన్ని తలక్రిందులు చేసింది. ఇందులో అయస్కాంతం తిరుగుతుంది, బరువైన తీగచుట్టలు కదలక కూర్చుంటాయి. బ్రష్షుల మీదుగా పోయేది అయస్కాంతాన్ని మేల్కొలిపే కొద్దిపాటి విద్యుత్తు మాత్రమే. పుట్టేది ఏకాంతర విద్యుత్తు. దాన్ని డయోడ్లు ఏకముఖంగా మారుస్తాయి. సిలికాన్ డయోడ్లు చౌకగా దొరకడం మొదలయ్యాకనే ఇది సాధ్యమైంది. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960 నాటి వేలియంట్ కారుకు దీన్ని కంపెనీ నుంచే బిగించి ఇచ్చింది. క్రమంగా లోకమంతా అదే దారి పట్టింది.

బండిలో బ్యాటరీ ఉండగా ఆల్టర్నేటరు దేనికి అన్నది మొదటి ప్రశ్న. మా పల్లెల్లో దీన్ని వివరించడం సులభం. బ్యాటరీ నీళ్ల తొట్టి, ఆల్టర్నేటరు బోరుబావి. తొట్టి నీటిని పుట్టించదు, దాచి ఇస్తుంది. బోరు పోసే దానికన్న ఎక్కువ తోడితే తొట్టి ఎంత పెద్దదైనా ఎప్పుడో ఒకప్పుడు అడుగంటక తప్పదు. మా కుర్రవాడి మొదటి ఆలోచన ఇంకో రెండు బ్యాటరీలు చేర్చడం. అది తొట్టెలు పెంచడమే. బోరు అదే అయితే తొట్టెలు పెంచి ప్రయోజనమేమి? ఎండిపోవడం కాస్త ఆలస్యమవుతుంది, మళ్లీ నిండడం ఇంకా ఆలస్యమవుతుంది.

రెండవ ప్రశ్న: ఎంత కావాలి? ఇక్కడ మొదటి పాఠం అంకెలను నమ్మకపోవడం. అతని పెద్ద ఆంప్లిఫయరు మీద 5000 వాట్లని బంగారు అక్షరాలతో వ్రాసి ఉన్నది. అది బిరుదు. బిరుదులు ఎవరైనా ఇచ్చుకోవచ్చు. నిజం తెలియాలంటే దాని వెనుక గుచ్చిన ఫ్యూజులను చూడమన్నాడు ఎలక్ట్రీషియన్. 40 ఆంపియర్ల ఫ్యూజులు మూడు, అంటే 120. బండి నడిచేటప్పుడు వోల్టేజి సుమారు 14. రెండింటినీ గుణిస్తే 1680 వాట్లు. అంతకు మించి నిలకడగా లాగితే ఫ్యూజే కాలిపోతుంది. అందులోనూ కొంత వేడిగా పోతుంది. ఈ రకం ఆంప్లిఫయరును డి తరగతిది అంటారు. ఇది నూటికి 80 పాళ్లు శబ్దం వైపు పంపగలదు. అంటే మిగిలేది 1300 వాట్ల పైచిల్లర. 5000 బిరుదు కింద అసలు పాండిత్యం అంత!

చిన్న ఆంప్లిఫయరు పాతరకం, ఏబీ తరగతిది. దానికి 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండు. ఈ తరగతిలో సగానికి దగ్గరగా వేడి రూపంలోనే పోతుంది. బరాత్ మధ్యలో దానిమీద చేయి పెట్టలేకపోవడం అందుకే. రెండూ కలిసి లాగగల గరిష్ఠం 180 ఆంపియర్లు. అయితే పాట నిరంతరంగా ఒకే ఉధృతితో సాగదు. పద్యపాదంలో యతి స్థానమున్నట్లే పాటలోనూ దెబ్బకూ దెబ్బకూ నడుమ విశ్రాంతి ఉన్నది. అందుకే మామూలు సంగీతానికి గరిష్ఠంలో మూడవ వంతు సగటుగా తీసుకుంటారు. మన బరాత్ పాటల్లో ఆ విరామాలను కూడ మ్రోతతో పూడ్చేస్తారు కనుక సగం వేసుకోవడం క్షేమం. సగమంటే 90. బండి సొంత అవసరాలు, అంటే దీపాలు, ఇంజను, ఫ్యాన్లు, వాటికి 35. పైన కట్టే రంగుల దీపాలకు 10. మొత్తం 135 ఆంపియర్లు. ఇది అతని నిజమైన ఆకలి.

ఇప్పుడు బండితో వచ్చిన ఆల్టర్నేటరును చూద్దాం. దాని బిళ్ల మీద 90 అని ఉన్నది. ఆ 90 ఎప్పటిది అన్నదే అసలు ప్రశ్న. ఆల్టర్నేటరు పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటున్నది. దాని ప్రకారం బిళ్ల మీది పెద్ద అంకె ఆల్టర్నేటరు నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పటిది. పైగా చల్లని గదిలో కొలిచినది. బరాత్ బండి 6000 చుట్లు ఎక్కడ తిప్పుతుంది? అది పెళ్లికొడుకు ముందు నడిచేవారి అడుగులతో అడుగులేస్తుంది. ఇంజను నిమిషానికి 800 చుట్లతో గురకపెడుతుంటుంది. ఇంజను పుల్లీ పెద్దది, ఆల్టర్నేటరు పుల్లీ చిన్నది కనుక ఆల్టర్నేటరు రెండున్నర రెట్లు వేగంగా తిరిగినా 2000 దాటదు. ఆ వేగంలో ఈ 90 ఆంపియర్ల యంత్రం ఇచ్చేది సుమారు సగం. అదీ ఇంజను వేడెక్కాక ఇంకా తగ్గుతుంది. ఎందుకంటే రాగితీగ వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది.

కావలసింది 135, వచ్చేది 45. మిగిలిన 90 బ్యాటరీ నుంచి పోవాలి. అతని బ్యాటరీ 80 ఆంపియర్ గంటలది. దానిలో సగం కన్న ఎక్కువ తోడితే దాని ఆయువు క్షీణిస్తుంది. సగమంటే 40. గంటకు 90 చొప్పున తోడితే అది అరగంట కూడ రాదు. “బరాత్ హనుమాండ్ల గుడి దాటంగనే లైట్లు మసకబడ్తయి సార్, బేస్ పగుల్తది” అని అతడు చెప్పిన అనుభవానికి ఈ లెక్క అచ్చంగా సరిపోయింది. ఏనుగు దాహానికి చూరునీళ్లు అన్న సామెత నేను ఎన్ని తరగతుల్లో చెప్పి ఉంటానో! ఆంపియర్లలో అది ఎలా ఉంటుందో చూడడం ఇదే ప్రథమం.

అయితే అతడు తెప్పించదలచిన విదేశపు యంత్రం సంగతి ఏమిటి? ప్రకటనలో 320 ఆంపియర్లని ఉన్నది. నిదాన స్థితిలో ఎంత ఇస్తుందని అమ్మేవారికి ఫోను చేయించాను. మూడుసార్లు అడిగినా 320 అనే అన్నారు. ఇది ముఖ్యమైన లక్షణం, మిత్రులు గుర్తుంచుకోవాలి. వేగం పెరిగేకొద్దీ ఎన్ని ఆంపియర్లు వస్తాయో చూపే పట్టిక ఇవ్వలేని వాని దగ్గర ఆల్టర్నేటరు కొనరాదు. పేరున్న తయారీదారులు కొందరు తమ యంత్రాల మీద రెండు అంకెలు చెక్కుతారు. మొదటిది నిదానపుది, రెండవది వేగపుది. కొనేవాడు చదవవలసింది మొదటిది. మన కుర్రాళ్లు చదివేది రెండవది.

పోనీ 320 నిజంగానే వచ్చిందనుకుందాం. 320ని 14తో గుణిస్తే 4480 వాట్లు. అది ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజను నుంచే. ఆల్టర్నేటరు తనకు అందిన శ్రమలో నూటికి 55, 60 పాళ్లను మాత్రమే విద్యుత్తుగా ఇస్తుంది. అంటే ఇంజను 8000 వాట్లు, దాదాపు 11 అశ్వశక్తులు, ఒక్క సన్నని బెల్టు మీదుగా అందించాలి. నిదానంగా తిరిగే చిన్న ఇంజను ఆ బరువుకు వణికి ఆగిపోతుంది, లేదా బెల్టు జారి కీచుమంటుంది. చాల ఇంజన్లలో నీటి పంపును తిప్పేదీ అదే బెల్టు. అది తెగితే పాటతో పాటు ఇంజనూ వేడెక్కి నిలిచిపోతుంది. చిన్న పుల్లీ వేసి వేగం పెంచుదామంటే, రహదారి మీద బండి పరుగెత్తేటప్పుడు ఆల్టర్నేటరు తన హద్దు మించి తిరిగి బేరింగులు చెడతాయి. ఏది చేసినా ఎక్కడో మూల్యం చెల్లించవలసిందే.

మధ్యలో కెపాసిటరు అనే మెరిసే డబ్బా ఒకటి ఉన్నది. దుకాణాల్లో దాన్ని సర్వరోగ నివారిణిగా అమ్ముతారు. ఒక ఫారడ్ కెపాసిటరు 14 వోల్టుల నుంచి 12 వోల్టులకు దిగేలోగా ఇచ్చే శక్తి 26 జౌళ్లు. వెయ్యి వాట్ల ఆంప్లిఫయరుకు అది సెకనులో సుమారు నలభయ్యవ వంతుకు మాత్రమే చాలుతుంది. ఒక డప్పు దెబ్బ అంచును కాస్త నునుపు చేస్తుందేమో గాని కరవును తీర్చదు. దోసిలితో చెరువు నింపినట్లే. ఆ డబ్బు మిగిలింది.

తీగల విషయం ఇంకా గంభీరమైనది, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించినది. బ్యాటరీకీ ఆంప్లిఫయరుకూ నడుమ తీగ నిరోధం ఓమ్‌లో రెండువందల వంతే ఉన్నదనుకోండి. అందులో 200 ఆంపియర్లు పారితే ఒక వోల్టు దారిలోనే పోతుంది, 200 వాట్ల వేడి తీగలో పుడుతుంది. చౌకగా దొరికే లావు తీగల్లో చాలవరకు రాగి పూత పూసిన అల్యూమినియమే. పైకి లావు, లోపల నిరోధం ఎక్కువ. అచ్చమైన రాగి తీగ కొనాలి. ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి చట్రానికి, ఇంజను నుంచి చట్రానికి వెళ్లే మూడు పాత తీగలనూ మార్చాలి. బ్యాటరీకి అడుగున్నర దూరంలోపే పెద్ద ఫ్యూజు పెట్టాలి. ఆంప్లిఫయరు దగ్గరి ఫ్యూజు ఆంప్లిఫయరును కాపాడుతుంది. బ్యాటరీ దగ్గరిది బండిని, బండి వెనుక ఎగిరే పిల్లలను కాపాడుతుంది. మా కుర్రవాడి బండిలో ఆ రెండవ ఫ్యూజు లేదు. పదకొండు అడుగుల తీగ ఏ అడ్డూ లేకుండా ఇనుప తొట్టి అంచును రాసుకుంటూ పోయింది. అది చూచినప్పుడు ఎలక్ట్రీషియన్ మాట్లాడలేదు, తల అడ్డంగా ఆడించి పనిముట్లు అందుకున్నాడు.

కొత్త బండ్లవారికి మరొక హెచ్చరిక. ఇటీవలి చాల బండ్లలో ఆల్టర్నేటరును ఇంజను కంప్యూటరే శాసిస్తుంది. ఇంధనం ఆదా కోసం ఒకప్పుడు వోల్టేజిని తగ్గిస్తుంది, ఒకప్పుడు పెంచుతుంది. దానికి ఏదో ఒక పెద్ద యంత్రాన్ని తెచ్చి బిగిస్తే కంప్యూటరుకూ దానికీ భాష కుదరదు, ఎర్ర దీపం వెలుగుతుంది. మా కుర్రవాడి బండి పాతది కనుక ఈ బాధ తప్పింది.

వేరే జనరేటరు పెట్టుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. నిజమే. బరాత్‌లకే అంకితమైన డీసీయం బండ్లు చాలవరకు అదే చేస్తాయి. జనరేటరు ఇంజను వేగం బండి నడకతో ముడిపడి ఉండదు కనుక నిలిచి వాయించేవారికి అదే ధర్మం. కాని ఈ కుర్రవాడి బండి పగలు బస్తాలు మోయాలి. జనరేటరుకు చోటు లేదు, రోజూ ఎక్కించి దించే మనుషులు లేరు.

ఇంతవరకు వచ్చాక నా భౌతికశాస్త్ర మిత్రుడు ఒక ప్రశ్న వేశాడు. “ఇంత కష్టపడి వాట్లు రెట్టింపు చేస్తే మ్రోత ఎంత పెరుగుతుందో తెలుసునా?” తెలియదన్నాను. రెట్టింపు వాట్లకు పెరిగేది 3 డెసిబెల్లు. వినేవాడి చెవికి అది ‘కాస్త ఎక్కువ’ అనిపిస్తుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి. అందుకు వాట్లు పదింతలు కావాలి. అదే 3 డెసిబెల్లను మరింత సమర్థమైన స్పీకరు ఒక్క ఆంపియరు అదనంగా అడగకుండానే ఇస్తుంది. వెనుకటి మైకుసెట్టువారి ఇనుప కొమ్ముబూరలు గుర్తున్నవా? రిక్షాలో ఒక బ్యాటరీ, కొద్ది వాట్ల ఆంప్లిఫయరు. సినిమా ప్రకటన పొలిమేర దాకా వినబడేది. ఆ బూర శ్రమను వృథా చేయకుండా గాలికి అందించేది. ఇదంతా విన్న కుర్రవాడు చాలసేపు మౌనంగా ఉండిపోయాడు. అప్పులో సగం, విదేశపు డైనమో సగం, కేవలం ఆ ‘కాస్త ఎక్కువ’ కోసమని అప్పుడు అర్థమైంది.

తరువాత అతడు నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. దాన్ని అతని మాటల్లోనే వ్రాస్తాను. “సార్, రాత్రి పండుకుంటె ఎడమ చెవుల ఈల ఊదినట్టయితది. పొద్దుగాల్దాంక పోదు. ఇంట్ల ఎవ్వలికి చెప్పలే.”

అతనికి ముప్పై నిండలేదు. స్పీకర్ల వెనుక, తన ఆంప్లిఫయర్ల పక్కన, రోజుకు నాలుగు గంటలు నిలబడతాడు. చెవికి 85 డెసిబెల్ల మ్రోత రోజుకు 8 గంటల దాకా సహ్యమని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలం సగమవుతుంది. 100 డెసిబెల్లకు మిగిలేది 15 నిమిషాలు. బరాత్ బండి దగ్గర 100 అన్నది చిన్న అంకె. లోపలి చెవిలోని సన్నని కేశకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. డైనమో కాలితే మరొకటి దొరుకుతుంది. తాండూరులో కాకపోతే హైదరాబాదులో దొరుకుతుంది. కేశకణాన్ని ఏ దుకాణమూ అమ్మదు.

చట్టం మాట కూడ చెప్పాను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మేర. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడుస్పీకరు కూడదు. ఆసుపత్రులకు, బడులకు, న్యాయస్థానాలకు నూరు మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతం. హైదరాబాదు నగర పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ ఉత్తర్వు పరిధి నగరానిదే. మా దోమకు అది వర్తించదు. కాని గాలి ఎటు వీస్తున్నదో అప్పు తీసుకునేవాడికి తెలియాలి. అయిదేళ్ల కిస్తీల మీద కొనే వస్తువుకు అయిదేళ్ల పాటు గిరాకీ ఉంటుందా అన్నది జామీనుదారు అడగదగిన ప్రశ్న.

“మరి బేరం పోతది కద సార్? పక్క ఊరి బండి గట్టిగ మోగితె అందరు దాన్నే పిలుస్తరు” అన్నాడు. ఆ భయం అబద్ధం కాదు. అతని కూడు దానితో ముడిపడి ఉన్నది. శబ్దం చెడ్డదని ఉపన్యసించి వెళ్లిపోవడం పింఛను తీసుకునే నాబోటివాడికి సులభం. కిస్తీ కట్టవలసినవాడికి కాదు. అందుకే అతడు బ్రతికే దారి కూడ ఆ లెక్కలోనే వెతికాం.

ఎలక్ట్రీషియన్, కుర్రవాడు, నేను కూర్చుని చివరకు తేల్చినది ఇది. మన దేశంలోనే తయారైన 180 ఆంపియర్ల ఆల్టర్నేటరు, వేగపు పట్టికతో సహా దొరికేది. బ్రాకెట్టు కోయకుండా బండిలో పట్టేది. దాని తీగచుట్టు గుండ్రని తీగతో కాక చదునైన కడ్డీలతో దగ్గరగా నేసినది కనుక నిదానంలో మేలుగా ఇస్తుంది. 800 చుట్ల దగ్గర సుమారు 100 ఆంపియర్లు. బండి నిలిచినప్పుడు ఇంజనును 1100 చుట్లకు పెంచితే 135కు దగ్గరగా వస్తుంది. అతని ఆకలీ అదే. ఆ భారం ఇంజనుకు అయిదు అశ్వశక్తుల లోపు, బెల్టు ఓర్చగలదు. మొదటి బ్యాటరీ వంటిదే, అదే వయసుది, రెండవది ఒకటి, పెద్ద దెబ్బలను ఆదుకోవడానికి. కొత్త ఆంప్లిఫయర్లు వద్దు. ఉన్న స్పీకర్లలో రెండింటిని మార్చి మరింత సమర్థమైనవి. అచ్చమైన రాగి తీగలు, ఫ్యూజులు. ముందు కూర్చునే చోట కనబడేలా ఒక వోల్టుమీటరు. అది 13 కన్న తగ్గితే శబ్దం తగ్గించాలి, పాట మధ్యలోనైనా సరే. అన్నిటికన్న చౌకైన వస్తువు చివర వ్రాశాను, చెవులకు రబ్బరు బిరడాలు.

అప్పు సగానికి తగ్గింది. బంగారం ఇల్లాలి దగ్గరకు తిరిగి వెళ్లింది. నేను సంతకం చేశాను.

పోయిన పెళ్లిళ్ల ఋతువు ఆ బండి మీదనే గడిచింది. రెండు బేరాలు పక్క ఊరివానికి పోయాయి, దాచడమెందుకు? మరికొన్ని కొత్తగా వచ్చాయి. పాట పగలకుండా, లైట్లు మసకబారకుండా, నడిమధ్యలో ఆగకుండా చివరిదాకా మోగే బండి అని పేరు వచ్చిందట. కిస్తీలు తప్పలేదు. చెవిలోని ఈల పూర్తిగా పోలేదు. వైద్యుడు పరీక్షించి, ఎడమ చెవిలో సన్నని ధ్వనులు వినే శక్తి కొంత పోయిందని, ఇకనైనా కాపాడుకోమని చెప్పాడు. బిరడాలు పెట్టుకొంటున్నాడు. బండి మీద ఎగిరే తన తోటివాళ్లకూ జత జత పంచాడు. ప్రభుత్వ ఆసుపత్రి ముందు శబ్దం ఆపుతున్నాడా అని అడిగితే, “ఆపుతున్న సార్, గని పెండ్లోళ్లు కొట్లాడ్తరు” అన్నాడు. కొట్లాడనిమ్మన్నాను.

ఇప్పుడు అతని స్నేహితులు బిళ్లల ఫొటోలు నా ఫోనుకు పంపుతున్నారు. నేను వారికి మూడే ప్రశ్నలు వ్రాసి పంపుతాను. నీ ఫ్యూజుల మొత్తం ఎంత? నిదానంలో ఈ యంత్రం ఇచ్చేది ఎంత? నీ చెవుల సంగతి ఏమిటి? మొదటి రెండింటికి జవాబులు వెంటనే వస్తాయి. మూడవదానికి కొందరు నవ్వే బొమ్మ పంపుతారు. ఒకరిద్దరు మాత్రం రాత్రి పొద్దుపోయాక ఫోను చేస్తారు.

పోతే, ఒక చిన్న విన్నపం. ఆల్టర్నేటరుకు మీ ప్రాంతాల్లో మెకానిక్కులు ఏ పేరు వాడుతారో తెలియజేయండి. కోస్తా మిత్రులు, రాయలసీమ మిత్రులు, తమిళ, కన్నడ దేశాల్లోని మనవాళ్లు వ్రాస్తే ఆ పేర్లన్నీ ఒకచోట చేర్చి పెడతాను. నిఘంటువుల్లోకి ఎక్కని ఇటువంటి మాటలు వర్క్‌షాపుల్లోనే పుట్టి అక్కడనే అణగారిపోతున్నాయి.

సెలవు.